ఆర్కిటిక్ జింకలు తగ్గిపోవడానికి కారణం భూమి వేడెక్కడమేనా, ఇంకేమైనా ఉందా?

గోదారి_గట్టు
ఈ విషయం సూటిగా చెప్పేవాళ్లు ఒక్కరూ దొరకడం లేదు. ఆర్కిటిక్ జింకలు (రెయిన్‌డీర్ అన్నా, కెనడా, అలాస్కాల్లో కారిబూ అన్నా ఒకటే జాతి) ఇరవై ఏళ్లలో 47 లక్షల నుంచి 21 లక్షలకు పడిపోయాయని ఒక వీడియోలో చెప్పారు. దాని కిందే ఒకాయన, "అంతా అబద్ధం, స్వాల్‌బార్డ్ దీవుల్లో జింకలు పెరిగాయి, చూసుకోండి" అని రాశాడు. ఇద్దరి దగ్గరా లెక్కలున్నాయి. మన తెలుగు ఛానళ్లేమో "మంచు కరిగి జింకలు చచ్చిపోతున్నాయి" అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాయి. మంచు కరిగితే జింక ఎందుకు చావాలి? మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో దీని మీద మాట్లాడాలట, నన్ను అడుగుతోంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

లెక్కల_మాస్టారు
రెండు లెక్కలూ నిజమే. 47 లక్షల నుంచి 21 లక్షలు అన్నది అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా 2018లో వేసిన ఆర్కిటిక్ నివేదికలోది. అంటే 56 శాతం తగ్గుదల. 2024 నివేదికలో ఆ తగ్గుదల 65 శాతం అని రాశారు. ఇది టండ్రాలో (ఉత్తరాన చెట్లు లేని చలి మైదానాలు) వలస తిరిగే మందల మొత్తం లెక్క. స్వాల్‌బార్డ్ నార్వేకు ఉత్తరాన ఉన్న వేరే దీవులు, అక్కడివి వేరే మందలు, అక్కడ పెరిగిన మాట కూడా వాస్తవమే. మొత్తం మీద తగ్గాయంటే ప్రతి చోటా తగ్గాయని కాదు కదా.

వేమన_వీధి
తగ్గాయి, ఒప్పుకుంటాను. కారణం దగ్గరే నా పేచీ. ఈ జింకలు పెరగడం, తగ్గడం కొత్త కాదు. కెనడాలో జార్జ్ రివర్ మంద 1950ల్లో కొన్ని వేలే. 1990ల మొదట్లో దాదాపు 8 లక్షలకు చేరింది. మళ్లీ పడింది. కారిబూ కొన్నాళ్లు నిండుగా ఉండి కొన్నాళ్లు కనపడకుండా పోతుందని అక్కడి ఆదివాసులైన ఇన్యుయిట్ పెద్దలు తరతరాలుగా చెబుతున్నదే. ఏది జరిగినా వాతావరణ మార్పు ఖాతాలో వేసేయడం ఈ మధ్య అలవాటైపోయింది.

శ్రీను_ఎడ్మంటన్
వేమన_వీధి గారూ, ఈ పెరగడం, తగ్గడం అనే చక్రం ఉన్నమాట ఇక్కడ కూడా ఎవరూ కాదనరు. అయినా మీరు జార్జ్ రివర్ కథ సగంలో ఆపేశారు. 8 లక్షల మంద 2018కి 5,500కు వచ్చింది. ఆ మంద తిరిగే లాబ్రడార్‌లో 2013లోనే వేట నిషేధించారు. దొంగవేట కొంత సాగింది, నిజమే, కానీ నిషేధం తర్వాత కూడా మంద కోలుకోలేదు.

మా ఆల్బెర్టాకు ఉత్తరాన నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో బాథర్స్ట్ మంద ఉంది. 1986లో దాదాపు 4,70,000. 2009కి 32,000. 2015కి 20,000. 2018కి 8,200. 2021లో లెక్కపెడితే 6,200 చిల్లర. 2010లోనే వేటకు గట్టిగా కోతపెట్టారు, 2015 నుంచి దాదాపు పూర్తిగా ఆపేశారు. ఆ తర్వాత మూడేళ్లలోనే 20,000 కాస్తా 8,200 అయింది. కొన్ని ఆడ జింకలు పక్కనున్న బెవర్లీ మందలో కలిశాయని రేడియో కాలర్ల వల్ల తెలిసింది. అది తీసేసినా మిగిలే నష్టం చిన్నది కాదు.

ఆ మంద తిరిగే నేలలో వజ్రాల గనులు కూడా ఉన్నాయి. ఎకాటి 1998లో, డయావిక్ 2003లో మొదలయ్యాయి. చలికాలంలో గడ్డకట్టిన సరస్సుల మీదుగా లారీల దారి వేస్తారు. కాబట్టి ఒక్క ఉష్ణోగ్రతే అని నేనూ అనను. కానీ చక్రం ఒక్కటే అన్నా ఒప్పుకోను.

నైట్‌షిఫ్ట్_నాగరాజు
నాకో చిన్న డౌట్. వేడి పెరిగితే గడ్డి ఎక్కువ మొలవాలి కదా? మొక్కలు తినే జంతువుకు అది లాభమే కదా?

పాలమూరు_పశువైద్యుడు
నాగరాజు, అసలైన ప్రశ్న ఇదే. వేసవి వరకు నువ్వన్నది నిజం, పచ్చదనం పెరుగుతోంది. ఈ జంతువు బతుకు తేలేది మాత్రం చలికాలంలో. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా దానికి ముఖ్యమైన మేత లైకెన్ అనే నాచులాంటిది. మంచు కింద ఉన్నా వాసన పట్టి, ముందు కాళ్ల గిట్టలతో గుంట తవ్వి తింటుంది. పొడి మంచు బాగా లోతుగా ఉన్నా తవ్వగలదు.

చలికాలం మధ్యలో వాన పడితే చిక్కు మొదలవుతుంది. నీళ్లు మంచులోకి దిగి నేల దాకా ఇంకుతాయి, మళ్లీ చలి రాగానే గడ్డకడతాయి. మేత మీద గాజుపలక పరిచినట్టు అవుతుంది. గిట్ట దిగదు, వాసన కూడా పైకి రాదు. ఆ పలక వసంతం వరకు కరగదు. జంతువు మేత మీదే నిలబడి ఆకలితో చస్తుంది.

రష్యాలో యమాల్ ద్వీపకల్పంలో 2006 నవంబరులో ఇలాగే జరిగి 20,000 రెయిన్‌డీర్ చనిపోయాయి. 2013 నవంబరులో మళ్లీ వచ్చింది, ఈసారి 61,000. పక్కనున్న బారెంట్స్, కారా సముద్రాల్లో ఆ నెలకు గడ్డకట్టాల్సిన నీరు గడ్డకట్టకపోవడం వల్ల గాలిలో తేమ పెరిగి వాన పడిందని పరిశోధకులు తేల్చారు. మందలు పోగొట్టుకున్న అక్కడి నేనెట్స్ తెగ కాపరులు చేపలు పట్టుకుని బతికారు. మళ్లీ మంద కట్టుకోవడానికి తోటివాళ్ల దగ్గర ఆడ జంతువులు అప్పు తెచ్చుకున్నారు.

ఇంకో ఉదాహరణ జింకది కాదు, అయినా చెప్పాలి. కెనడాలో బ్యాంక్స్ దీవిలో 2003 అక్టోబరులో వాన పడి గడ్డకడితే దాదాపు 20,000 కస్తూరి ఎద్దులు చనిపోయాయి. మారుమూల చోటు కాబట్టి లోకానికి తెలియడానికే చాలా కాలం పట్టింది.

బెజవాడ_బుల్లోడు
డాక్టర్ గారూ, లైకెన్ అంటే మనం బిర్యానీలో వేసే రాతి పువ్వు కూడా అదే కదా?

పాలమూరు_పశువైద్యుడు
అవును, రాతి పువ్వు కూడా ఒక లైకెనే. జింకలు తినేది వేరే రకం, నేల మీద తెల్లగా, స్పాంజిలా గుత్తులుగా ఉంటుంది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఒకసారి తొక్కి పాడైనా, కాలిపోయినా మళ్లీ మేతకు పనికొచ్చేలా ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. గడ్డిలా వాన పడగానే చిగురించేది కాదు.

బెజవాడ_బుల్లోడు
మా ఆవిడకి చెప్పాను, "జింకల నోటి దగ్గరి కూడు లాక్కుంటున్నారా" అంటోంది 😄

శ్రీను_ఎడ్మంటన్
కాలడం అన్నారు కాబట్టి చెబుతున్నా. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో 2014లో దాదాపు 34 లక్షల హెక్టార్ల అడవి కాలింది. 2023 ఆగస్టులో ఎల్లోనైఫ్ ఊరంతా ఖాళీ చేయించారు, దాదాపు 20,000 మందిని. చాలామంది మా ఆల్బెర్టాకే వచ్చారు, మా తెలుగు సంఘం వాళ్లం కూడా భోజనాలు పట్టుకెళ్లాం. బాథర్స్ట్ మంద చలికాలం తలదాచుకునే అడవులు ఆ చుట్టుపక్కలవే. మనుషులు కొన్ని వారాలకు ఇళ్లకు వెళ్లిపోయారు, జింకల మేత మాత్రం నా జీవితకాలంలో తిరిగి వస్తుందో లేదో.

వేమన_వీధి
ఇదంతా చదివాను. మంచు మీద వాన దెబ్బ అర్థమైంది. అలాంటప్పుడు వానలు ఎక్కువ పడే స్వాల్‌బార్డ్‌లో జింకలు ఎందుకు పెరిగాయి? దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. అలాగే అలాస్కాలో సెంట్రల్ ఆర్కిటిక్ మంద: 1970ల మధ్యలో 5,000. పక్కనే చమురు బావులు, పైపులైను వచ్చాయి. అంతరించిపోతుందని గగ్గోలు పెట్టారు. 2010కి 68,000 దాకా పెరిగింది.

లెక్కల_మాస్టారు
అదే మంద 2016కి 22,000 చిల్లరకు పడిపోయింది. అదీ రాయండి మరి.

వేమన_వీధి
రాస్తాను మాస్టారూ. కానీ చమురు బావులు 2010లో కొత్తగా రాలేదు కదా! పెరిగినప్పుడూ ఉన్నాయి, తగ్గినప్పుడూ ఉన్నాయి. నా వాదన అదే: ఒకే కారణం చెప్పేవాళ్లను నమ్మొద్దు.

పాలమూరు_పశువైద్యుడు
స్వాల్‌బార్డ్ గురించి నేను చెబుతాను. అక్కడ జింకల్ని వేటాడి దాదాపు తుడిచిపెట్టారు, 1925లో చట్టం చేసి కాపాడారు. తోడేళ్లు లేవు. కాబట్టి ఇప్పుడున్న పెరుగుదలలో పెద్ద భాగం ఆ పాత దెబ్బ నుంచి కోలుకోవడమే. పైగా అక్కడ మంచు పడడం ఆలస్యమై శరదృతువు సాగుతోంది, మేత ఎక్కువ రోజులు దొరుకుతోంది. వేడి వల్ల లాభం కూడా ఉందన్నమాట.

దాని వెంటే నష్టమూ ఉంది. 1994లో పుట్టిన ఆడ జింకలు ఎదిగాక సగటున 55 కిలోలు తూగితే, 2010లో పుట్టినవి 48 కిలోలే తూగాయి. అంటే తలలు పెరిగాయి, ఒంట్లో కండ తగ్గింది. చలికాలంలో ఐస్ కట్టి మేత అందకపోవడం, ఉన్న కాస్త మేతకు ఎక్కువ నోళ్లు పోటీ పడడం, రెండూ కలిశాయి. 2019లో నార్వే ధ్రువ పరిశోధన సంస్థ వాళ్లు అక్కడ ఆకలితో చచ్చిన జింకల్ని దాదాపు 200 లెక్కపెట్టారు.

పశువుల వైద్యంలో ఉన్నవాళ్లకు ఈ బరువు సంగతి వెంటనే తగులుతుంది. తల్లి బక్కచిక్కితే సరిగా ఎదకు రాదు, చూలు నిలవదు, నిలిచినా బలహీనమైన పిల్లను ఈనుతుంది. మా దగ్గర కరువేడు గొర్రెల మందల్లో చూసేది ఇదే. మంద తగ్గడానికి జంతువులు కుప్పలుగా చావక్కర్లేదు. ఈనేవి తగ్గితే చాలు.

కృష్ణ_తీరం
స్వాల్‌బార్డ్‌లో మన దేశ కేంద్రం కూడా ఉంది, న్యూ ఒలెసుండ్‌లో హిమాద్రి, 2008లో తెరిచారు. గోవాలో ఉన్న ధ్రువ పరిశోధన సంస్థ నడుపుతుంది. నాకు తెలిసినాయన ఒకరు హిమనదుల పని మీద వెళ్లొచ్చారు. జింకలు ఇళ్ల మధ్యే తిరుగుతాయని, మనిషిని చూసి పెద్దగా బెదరవని చెప్పారు. పొట్టి కాళ్లు, గుండ్రటి ఒళ్లు. ఫొటోలు చూస్తే ముచ్చటేసింది.

నైట్‌షిఫ్ట్_నాగరాజు
ఆడ వాటికీ కొమ్ములుంటాయట, నిజమేనా?

కృష్ణ_తీరం
నిజమే. జింక జాతుల్లో ఆడదానికి కూడా మామూలుగా కొమ్ములొచ్చేది ఇదొక్కటే. మగవి ఎదకాలం అయ్యాక రాల్చేస్తాయి, చూలుతో ఉన్న ఆడవి వసంతం దాకా ఉంచుకుంటాయి. మంచులో తవ్విన గుంట దగ్గర మేత కోసం కొట్లాట వస్తే ఆ కొమ్ములే ఆధారం.

అనిత_ఔలు
నేను ఫిన్లాండ్‌లో ఔలులో ఉంటాను, ఇక్కడ టెలికాం కంపెనీల వల్ల మనవాళ్లు బాగానే ఉన్నారు. కాస్త ఉత్తరానికి కారులో వెళ్తే చాలు, రోడ్డు మీద రెయిన్‌డీర్ నింపాదిగా నడుస్తూ ఉంటాయి. దేశంలో ఏటా దాదాపు 4,000 కారు ప్రమాదాలు వీటితోనే. రాత్రిపూట కనపడాలని 2014లో కొమ్ములకు మెరిసే రంగు పూసి చూశారు కూడా.

ఇక్కడివి అడవి జంతువులు కావు, ప్రతిదానికీ యజమాని ఉంటాడు, చెవికి గుర్తు ఉంటుంది. చలికాలం తర్వాత ఎన్ని ఉంచుకోవచ్చో ప్రభుత్వమే పరిమితి పెట్టింది, దేశం మొత్తానికి 2,03,700. కాబట్టి ఇక్కడ సంఖ్య తగ్గిందా అని చూస్తే ఏమీ తెలియదు. ఖర్చు చూడాలి. మాకు మాంసం అమ్మే కుటుంబం ఒకటుంది. ఆ పెద్దాయన చిన్నప్పుడు చలికాలమంతా మంద తన మేత తానే వెతుక్కునేదట. ఇప్పుడు నేల ఐస్ కట్టిన ఏడు దాణా, ఎండుగడ్డి కొని పెట్టాల్సిందే. డబ్బు ఉన్నవాడు నిలుస్తాడు, లేనివాడు మంద అమ్ముకుని వేరే పని చూసుకుంటాడు.

2025 జులైలో మాకు వచ్చిన ఎండలు మన కోస్తా వాళ్లు నవ్వుకునేలా ఉంటాయేమో కానీ, దేశంలో ఎక్కడో ఒక చోట 30 డిగ్రీలు దాటడం వరసగా 22 రోజులు జరిగింది. ఆ బొచ్చు చలికి పుట్టిన బొచ్చు. జింకలు నీడ కోసం ఊళ్లలోకి వచ్చేశాయి. 2018 వేసవిలో నార్వే ఉత్తరాన రోడ్డు సొరంగాల్లోకి దూరి నిలబడ్డాయి, డ్రైవర్లకు హెచ్చరికలు జారీ చేశారు.

గోదారి_గట్టు
అనిత గారూ, ఇది నేను ఎక్కడా వినలేదు. చలికాలమే సమస్య అనుకున్నాను, వేసవి కూడానా?

అనిత_ఔలు
వేసవిలో ఎండ కంటే దోమలు, ఈగలు పెద్ద బాధండీ. చర్మం కింద గుడ్లు పెట్టే ఈగ ఒకటి, ముక్కులోకి పురుగుల్ని వదిలే ఈగ ఇంకొకటి. వెచ్చగా, గాలి లేకుండా ఉన్న రోజున అవి విజృంభిస్తాయి. జింకలు మేత మానేసి పరిగెడుతూనే ఉంటాయి, లేదా ఎత్తున మిగిలిన మంచు ముద్దల మీదకెక్కి తలలు దించుకుని నిలబడతాయి. ఒళ్లు పట్టాల్సిన రెండు నెలలు అలా పోతాయి. ఆ మంచు ముద్దలు కూడా ఇప్పుడు తొందరగా కరిగిపోతున్నాయి.

పాలమూరు_పశువైద్యుడు
ముక్కులో పురుగు మన గొర్రెలకూ ఉంది, కాపరులకు బాగా తెలుసు. తుమ్మి తుమ్మి మేత మానేస్తాయి. అనిత గారు చెప్పింది నేను పైన రాసిన బరువు దగ్గరికే వస్తుంది. వేసవిలో కొవ్వు పట్టని తల్లి చలికాలపు ఐస్‌ను తట్టుకోలేదు. 2024 నోవా నివేదికలో కూడా వేసవి, శరదృతువుల్లో వేడి మీద గట్టిగానే రాశారు.

లెక్కల_మాస్టారు
దోమల గురించి ఒక విచిత్రం. అలాస్కాలో మందలను లెక్కపెట్టేది జులైలో, దోమలు కుట్టినప్పుడే. వాటి బాధ పడలేక జింకలన్నీ ఒక్కచోట ఒత్తుకుని నిలబడతాయి. అప్పుడు విమానం నుంచి ఫొటోలు తీసి, ఒక్కో తలా లెక్కపెడతారు. ఆ ఏడు చల్లగా ఉండి జింకలు గుమిగూడకపోతే లెక్క వాయిదా. ఇదంతా ఎందుకంటే, "ఎవరు లెక్కపెట్టారండీ" అని పై వీడియో కింద ఎవరో అడిగారట, గోదారి_గట్టు గారు నాకు విడిగా మెసేజ్ పెట్టారు. ఇలా లెక్కపెట్టినదే వెస్టర్న్ ఆర్కిటిక్ మంద: 2003లో 4,90,000, 2016లో 2,01,000, 2023లో 1,52,000.

సాయి_టొరంటో
ఐస్ కరగడం వల్ల నేరుగా చనిపోయే మంద కూడా ఉంది. డాల్ఫిన్ అండ్ యూనియన్ అంటారు. వేసవిలో కెనడాలోని విక్టోరియా దీవి మీద ఉంటుంది, చలికాలానికి గడ్డకట్టిన సముద్రం మీద నడిచి ప్రధాన భూభాగానికి వస్తుంది. సముద్రం ఆలస్యంగా గడ్డకడుతుంటే ఒడ్డున ఎదురుచూస్తాయి, తొందరపడినవి పలుచటి ఐస్ విరిగి మునిగిపోతాయి. ఓడలు తిరిగి ఐస్ పగలగొట్టినా అంతే. 2015లో దాదాపు 18,000 ఉండేవి, 2018కి 4,000 చిల్లర. మునగడం ఒక్కటే కారణం కాదు, కానీ దీనికి చక్రం అనే పేరు పెట్టడం నాకు కష్టం.

అడవి_పిచ్చి
గ్రీన్‌లాండ్‌లో కాంగర్లుసువాక్ దగ్గర జరిగింది కూడా చెప్పుకోవాలి. అక్కడ వసంతం తొందరగా వస్తోంది, మొక్కలు ముందే చిగురిస్తున్నాయి. జింకలు ఈనే రోజులు మాత్రం ఆ వేగంతో ముందుకు జరగలేదు. ఎందుకంటే ఎద, చూలు పగటి పొద్దు నిడివిని బట్టి నడుస్తాయి, పొద్దు మారదు కదా. తల్లికి పాలు పడాల్సిన వారానికి లేత చిగురు ముదిరిపోతోంది. పిల్లలు తక్కువ బతుకుతున్నాయని 2008లోనే తేల్చారు.

టండ్రాలో పొదలు పెరగడం కూడా నాగరాజు గారు అనుకున్నట్టు లాభం కాదు. విల్లో పొదలు ఎత్తుగా లేచి నీడ పట్టేసరికి కింద లైకెన్ చచ్చిపోతుంది.

వేమన_వీధి
సరే, ఇన్ని చెప్పారు. నా వైపు నుంచి ఒక కథ. బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ దీవి. 1944లో అమెరికా వాళ్లు 29 రెయిన్‌డీర్ తెచ్చి వదిలారు. తోడేళ్లు లేవు, నేలంతా లైకెన్. 1963కి 6,000 అయ్యాయి. మొత్తం మేసేశాయి. ఆ తర్వాత వచ్చిన ఒక్క గట్టి చలికాలానికి, 1966లో చూస్తే 42 మిగిలాయి. అప్పుడు వాతావరణ మార్పు లేదు. మేత అయిపోతే మంద కూలిపోతుంది, ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. జార్జ్ రివర్‌లోనూ 8 లక్షల గిట్టలు కాదు, 32 లక్షల గిట్టలు ఆ నేలను తొక్కాయి. దాన్ని మర్చిపోయి ఫ్యాక్టరీ పొగ మీద పడతారేంటి?

అడవి_పిచ్చి
మంచి ఉదాహరణే. అది తప్పించుకునే దారి లేని దీవి అనేది కూడా చూడండి. పెద్ద మందలకు ఉన్న బలమే నడక. ఒక చోట మేత అయిపోతే వందల కిలోమీటర్లు వెళ్లి ఇంకోచోట తిని, ఈ నేలను కోలుకోనిస్తాయి. మీరు చెప్పే చక్రం తిరగాలంటే కింద పడిన మంద మళ్లీ లేవడానికి నేల కావాలి, మేత కావాలి, వరసగా కొన్ని మంచి చలికాలాలు కావాలి. ఆర్కిటిక్ 1979 నుంచి మిగతా భూమి కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది. ఆ మంచి చలికాలాలు వరసగా ఎక్కడ దొరుకుతాయి? మంద ఎందుకు పడింది అన్నది ఒక ప్రశ్న, ఎందుకు లేవలేకపోతోంది అన్నది ఇంకో ప్రశ్న. రెండో దానికి నాకు కనిపించే ప్రధాన కారణం వేడే.

వేమన_వీధి
ఆ రెండు ప్రశ్నలు విడదీయడం నాకు నచ్చింది. అయినా రష్యాలో తైమిర్ మందను చూడండి. 2000 ప్రాంతంలో దాదాపు పది లక్షలు, ఇప్పుడు అందులో సగం కూడా లేవు. అక్కడ మాంసం కోసం, లేత కొమ్ముల కోసం దొంగవేట విపరీతం. నది ఈదుతున్న జింకల కొమ్ములు కోసేస్తారు. వాతావరణం అనగానే ఆ వేటగాళ్లంతా తప్పించుకుంటారు. నా కోపం దాని మీద.

శ్రీను_ఎడ్మంటన్
ఈ మాట మీద మీతో వంద శాతం ఏకీభవిస్తాను. ఇక్కడ కూడా గనుల కంపెనీలకు "అంతా వాతావరణం వల్లే" అనే మాట భలే సౌకర్యం. రోడ్డు వేయడానికి అనుమతి అడిగే రోజున వాతావరణం గుర్తొస్తుంది.

సాయి_టొరంటో
పోనీ అందరికంటే ముందు ఆగింది ఎవరు? అక్కడి జనమే. కెనడాలో బాఫిన్ దీవిలో 2015 జనవరిలో వేట పూర్తిగా ఆపేశారు, తర్వాత ఏడాదికి 250 మగ జింకలకు మాత్రమే అనుమతి ఇచ్చారు. ఇన్యుయిట్ కుటుంబానికి కారిబూ అంటే సరదా కాదు, అదే కూర, అదే చలికోటు. ఆ దీవి ఉన్న నునావుట్‌లో షాపులో కూరగాయలు, మాంసం ధర చూస్తే గుండె ఆగుతుంది, అన్నీ విమానంలోనో ఓడలోనో రావాలి. పిల్లలకు వేట నేర్పాల్సిన వయసులో వేట లేదు. ఈ నష్టం ఏ తలల లెక్కలోనూ కనిపించదు.

కృష్ణ_తీరం
యమాల్ అన్నారు కదా పైన, అక్కడిదే ఇంకో సంగతి. 2016 వేసవిలో 35 డిగ్రీల దాకా ఎండ కాసింది. అప్పుడు ఆంత్రాక్స్ వచ్చింది. 2,000కు పైగా రెయిన్‌డీర్ చనిపోయాయి, పన్నెండేళ్ల బాబు ఒకడు చనిపోయాడు. అక్కడ 1941 తర్వాత మళ్లీ అదే. గడ్డకట్టిన నేల కరిగి, ఎప్పుడో పూడ్చిన కళేబరాల్లోని క్రిములు బయటపడ్డాయన్నారు.

పాలమూరు_పశువైద్యుడు
దొమ్మ వ్యాధి. విశాఖ ఏజెన్సీలో కూడా కేసులు వచ్చి మనుషులకు పాకడం వార్తల్లో చూశాం. ఆ క్రిమి మట్టిలో దశాబ్దాల పాటు బతికే ఉంటుంది. యమాల్‌లో ఎండతో పాటు ఇంకో తప్పు ఉంది: 2007లో రెయిన్‌డీర్‌కు టీకాలు ఆపేశారు. ఇన్నేళ్లూ రోగం రాలేదు కదా అని. టీకా పని చేస్తున్నందుకే రోగం రావడం లేదని పై అధికారులకు చెప్పీ చెప్పీ మా గొంతులు పోతాయి. రోగం వచ్చిన 2016లోనే మళ్లీ టీకాలు మొదలుపెట్టారు.

వేమన_వీధి
ఇది మాత్రం చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది.

నైట్‌షిఫ్ట్_నాగరాజు
పరిష్కారం ఏంటి మరి? అంతా గాలిమరలు, సోలార్ పెట్టేస్తే సరిపోతుందా?

అనిత_ఔలు
అది కూడా అంత తేలిక కాదు. నార్వేలో ఫోసెన్ అనే చోట పెద్ద గాలిమరల కేంద్రం కట్టారు. అది అక్కడి ఆదివాసులైన సామి కాపరుల చలికాలపు మేతనేల. జింకలు ఆ చుట్టుపక్కలకు పోవు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2021 అక్టోబరులో సామి ప్రజల హక్కుకు భంగం కలిగిందని తీర్పు వచ్చింది. మరలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. 2023లో యువతీ యువకులు ఓస్లోలో మంత్రిత్వశాఖల ముందు కూర్చున్నారు. ఐస్ దెబ్బకు మేత పోయింది, ఆ ఐస్‌ను ఆపడానికని పెట్టిన మరలతో ఉన్న మేతనేల కూడా పోయింది. గాలిమరలు వద్దని నేను అనను. ఎవరి నేల మీద అని మాత్రం అడగాలి కదా!

గోదారి_గట్టు
ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. అమ్మాయి నా పక్కనే కూర్చుని చదివింది, స్వాల్‌బార్డ్ బరువుల లెక్క, యమాల్ సంగతి రాసుకుంది. దానికి ఇంకో ప్రశ్న వచ్చింది: ఎక్కడైనా బాగున్న మంద ఉందా, లేక అన్నీ ఇంతేనా? ఏడుపు కథ మాత్రమే చెప్పనంటోంది.

లెక్కల_మాస్టారు
పోర్క్యుపైన్ మంద చెప్పమనండి. అలాస్కా, కెనడాలోని యుకాన్ మధ్య తిరుగుతుంది. 1989లో 1,78,000, 2001లో 1,23,000కు తగ్గి, 2017లో 2,18,000 అయింది. చుట్టూ మందలు పడిపోతున్న రోజుల్లో ఇది లేచింది.

శ్రీను_ఎడ్మంటన్
అది తిరిగే నేలలో ఎక్కువ భాగానికి రోడ్లు, గనులు తగలలేదు. కెనడా వైపు ఈనే నేలలను జాతీయ పార్కులుగా కాపాడారు, అలాస్కా వైపు అభయారణ్యం ఉంది. అక్కడే చమురు తవ్వాలా వద్దా అని అమెరికాలో దశాబ్దాలుగా గొడవ. అక్కడి ఆదివాసులైన గ్విచిన్ ప్రజలు ఆ ఈనే నేల కోసం అప్పటి నుంచీ పోరాడుతున్నారు. 2024 నివేదికలో కూడా తీరం వైపున్న కొన్ని చిన్న మందలు కాస్త కోలుకుంటున్నాయని రాశారు. లోపలి పెద్ద మందలే ఇంకా లేవలేదు.

వేమన_వీధి
చూశారా, చక్రం తిరుగుతుంది అన్నాను.

అడవి_పిచ్చి
తిరగనిచ్చిన చోట తిరిగింది. బాథర్స్ట్‌లో ఎందుకు తిరగలేదో కూడా చెప్పండి.

వేమన_వీధి
గనుల దారులు, నిప్పు, చలికాలపు వాన. మూడూ కలిసి. ఏది ఎంత అన్నది ఎవరూ విడదీసి చెప్పలేదు, మీరైనా సరే.

పాలమూరు_పశువైద్యుడు
అమ్మాయికి ఆఖరున ఒకటి చెప్పండి గోదారి_గట్టు గారూ. "మంచు కరిగి జింకలు చస్తున్నాయి" అనొద్దు. చలికాలంలో కురవకూడని వాన కురిసి, అది గడ్డకట్టి చస్తున్నాయని చెప్పమనండి. టీచర్ తప్పకుండా ఎదురు ప్రశ్న వేస్తారు, జవాబు దాని దగ్గర ఉంటుంది.

అనిత గారూ, మీకు మాంసం అమ్మే ఆ పెద్దాయన చలికాలంలో ఏ దాణా పెడుతున్నారో కనుక్కోగలరా? లైకెన్‌కు అలవాటు పడిన పొట్టకు ఒక్కసారిగా గింజల దాణా పెడితే కడుపుబ్బరం వచ్చి చస్తాయి. మా దగ్గర కరువులో గొర్రెలకు బియ్యం పెట్టి పోగొట్టుకున్నవాళ్లను చూశాను. వాళ్లు ఎలా అలవాటు చేస్తున్నారో తెలుసుకోవాలనుంది.

అనిత_ఔలు
శనివారం వాళ్ల దగ్గరికి వెళ్తున్నామండీ డాక్టర్ గారూ, అడిగి రాస్తాను. ఎండుగడ్డితో మొదలుపెట్టి మెల్లగా దాణాకు వస్తారని తెలుసు, ఎన్నాళ్లు పడుతుందో ఆయననే అడగాలి. దాణా సంచి మీద లేబుల్ ఫొటో కూడా పెడతాను.